నూట పన్నెండో పేజీ అంచు

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో లైబ్రరీ డిప్లొమా రెండో ఏడు చదువుతుండగా, జూలైలో మూడో టర్మ్ మొదలైన సోమవారం, నన్ను ప్రాక్టికమ్‌కి దక్షిణ శివార్లలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో వేశారు. ప్రాక్టికమ్ అంటే నాలుగు వారాల జీతం లేని ఉద్యోగం. చివర్లో అక్కడి లైబ్రేరియన్ 'సంతృప్తికరం' అని రాసిస్తేనే డిప్లొమా చేతికొస్తుంది, లేకపోతే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. నాకప్పటికి ముప్పై నాలుగేళ్ళు. గుంటూరు జిల్లాలో ఒక కాలేజీ లైబ్రరీలో ఆరేళ్ళు అసిస్టెంటుగా చేసి వచ్చాను కాబట్టి, వీళ్ళు నాకు కొత్తగా నేర్పేదేముందిలే అన్న ధీమా కాస్త ఎక్కువే ఉండేది.

అక్కడి లైబ్రేరియన్ పేరు హెలెన్. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నా నోటికి మేడమ్ అనే వచ్చేది. మొదటి రోజే ఆవిడ నాకు రెండు అట్టపెట్టెలు అప్పగించింది. ఆ స్కూల్లో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మిసెస్ డోయల్ అనే టీచరు ఇచ్చిన సాహిత్య విమర్శ పుస్తకాలవి, మొత్తం ఇరవై మూడు. వాటిని కేటలాగ్ చేసి అరల్లోకి చేర్చాలి.

విమర్శ పుస్తకానికి ఒక పద్ధతుంది. వెన్ను మీద అతికించే చీటీలో పైన వర్గ సంఖ్య, కింద మూడక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలు విమర్శకుడి పేరువి కావు, ఆయన ఎవరి నవల గురించి రాశాడో ఆ నవలా రచయిత పేరువి. అప్పుడు ఒకే రచయిత మీద ఎందరు రాసినా పుస్తకాలన్నీ ఒకేచోట చేరతాయి. వ్యాసం రాసుకోవడానికొచ్చిన పన్నెండో తరగతి పిల్లలు లైబ్రరీ అంతా గాలించక్కర్లేదు. హెలెన్ ఇంకో అడుగు ముందుకేసి వాటిని నవలల పక్కనే పెట్టించేది. నవల కోసం చెయ్యి చాపితే విమర్శ చేతికి తగలాలి అనేది.

పుస్తకాలు తెరిస్తే అంచుల నిండా పెన్సిల్ రాతలు. విరాళంగా వచ్చిన పుస్తకాన్ని శుభ్రం చేశాకే రిజిస్టరులోకి ఎక్కించాలన్నది కాలేజీలో మా లైబ్రేరియన్ గారి దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం. పుస్తకంలో గీతలు గీసిన విద్యార్థిని అక్కడ మేం క్షమించేవాళ్ళం కాదు. అలవాటుకొద్దీ రబ్బరు తీసుకుని మొదలుపెట్టాను. చెరపమని ఎవరూ చెప్పలేదు, చెరపవచ్చా అని నేనూ అడగలేదు. బుధవారం మధ్యాహ్నానికి నాలుగు పుస్తకాలు అద్దంలా తయారయ్యాయి. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

ఆ సాయంత్రం హెలెన్ ఇంటికి బయల్దేరుతూ, డోయల్ నోట్స్ ఉన్న పుస్తకాలు ఎప్పుడొస్తాయని ఇంగ్లీషు టీచర్లు ప్రాణం తీస్తున్నారని చెప్పింది. ఆవిడ పాఠం చెప్పే తీరంతా ఆ అంచుల్లోనే ఉందట. పుస్తకాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఆ రాతలు ఇంకెక్కడా దొరకవు అంది.

కారులో కానింగ్ వేల్‌లోని మా ఇంటికి వస్తూ మా ఆయనతో సంగతంతా చెప్పాను.

"నువ్వు చెప్తేగా తెలిసేది? ఆ నాలుగూ క్లీన్‌గానే వచ్చాయనుకుంటారు. ఆవిడ ఫెయిల్ చేసిందంటే సెమిస్టరంతా రిపీట్. కొంచెం థింక్ చెయ్యి," అన్నారు.

"మరి మా నాన్న బైబిల్ని ఎవరైనా ఇలాగే తుడిచేస్తే?" అన్నాను.

మా నాన్న తన బైబిల్లో వాక్యాల పక్కన, ఏ తేదీన ఏ కష్టంలో అది చదివాడో పెన్సిల్‌తో రాసుకునేవాడు. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చిన రోజు కూడా అందులో ఉంది. రబ్బరు పట్టుకున్నప్పుడు ఆ బైబిల్ నాకెందుకు గుర్తు రాలేదా అని ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మర్నాడు పొద్దున హెలెన్ కోటు విప్పకముందే చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నాలుగు పుస్తకాలూ తిరగేసి, టేబుల్ లైటు తెమ్మంది. దాన్ని పేజీకి పక్కగా వాల్చి పెడితే, పెన్సిల్ నొక్కుకున్నచోటల్లా అక్షరాలు నీడల్లా కనిపించాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఆరు రోజులు మెడ వంచి వాటిని చదివి, అవే మాటలు చీటీల మీద రాసి, ఆయా పేజీల్లో పెట్టాను. ఒక్కటి తప్ప అన్నీ దొరికాయి. ఒక పుస్తకం నూట పన్నెండో పేజీ అంచున పొడుగాటి గమనిక ఉండేది. దాన్ని నేనెంత శ్రద్ధగా రుద్దానంటే కాగితం నూగులేచిపోయింది.

హెలెన్ మిసెస్ డోయల్‌ని పిలిపించింది. తెల్లటి జుట్టు, చేతికర్ర. ఆ పేజీని కళ్ళజోడుకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, ఇక్కడేం రాశానో జ్ఞాపకం లేదు అంది. తర్వాత నా వైపు తిరిగి మామూలుగా అడిగింది.

"రుద్దేటప్పుడు నువ్వు చదివే ఉంటావుగా. ఏముందందులో?"

నేను చదవలేదు. నాలుగు పుస్తకాల్లో ఒక్క గమనిక కూడా చదవకుండానే చెరిపాను. ఆ మాటే చెప్పాను. ఆవిడ పుస్తకం మూసి, "అయితే ఇక ఎవరికీ తెలియదన్నమాట," అంది. తిట్టినా అంత తగిలేది కాదు.

కేటలాగ్ రికార్డులో ఆ పుస్తకం వెతికిన అందరికీ కనిపించే గమనిక గడి ఒకటుంటుంది. హెలెన్ దాన్ని నాచేతే నింపించింది. అంచుల్లో పెన్సిల్ రాతలుండేవనీ, దొరికినవాటిని చీటీల మీద తిరిగి రాశామనీ, నూట పన్నెండో పేజీది పోయిందనీ రాశాను. ఎలా పోయిందో కూడా రాయమంది. 'కేటలాగ్ చేసిన వ్యక్తి చెరిపింది' అని టైపు చేశాను. నా రిపోర్టులో మాత్రం 'సంతృప్తికరం' అనే రాసిచ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా స్కూలు లైబ్రరీల్లోనే పనిచేశాను. పుస్తకాలు శుభ్రం చేయడం ఈ ఉద్యోగంలో భాగమే. చెరపాల్సినవి చాలా చెరిపాను, పిల్లలు రాసిన బూతులతో సహా. చదవకుండా మాత్రం ఏదీ చెరపలేదు.