క్రేన్ ఫైలులోని బొమ్మ మనిషి

మా డిజైన్ కార్యాలయంలో అందరికన్నా పెద్దవారు, మేమంతా మేస్టారని పిలిచినవారు, గత వారం గుండెపోటుతో కన్నుమూశారని పాఠకులకు విచారంతో తెలియజేయడమైనది. ఆ వార్త మధురవాడలోని మా కార్యాలయానికి చేరేసరికి కంప్యూటర్‌లో క్రేన్ ఫైలు తెరుచుకుంటూ ఉంది. కబురు విన్నవారెవరూ కుర్చీలోంచి లేవలేదు. అది గౌరవమని తరువాత చెప్పుకున్నాం. కదిలితే ఫైలు ఆగిపోతుందన్న భయమూ అందులో ఉందని నమోదు చేయడం ధర్మం.

ఆ భయాన్ని కొంత వివరించాలి. మేం గీస్తున్నది ఓడలోంచి బొగ్గు దించే క్రేన్. దాని ప్రతి దూలాన్నీ, చక్రాన్నీ, బోల్టునూ విడివిడిగా గీసి, చివరకు ఒకే ఫైల్లో కూరుస్తాం. దానికే అసెంబ్లీ అని పేరు. అది తెరుచుకునేటప్పుడు తెర తెల్లబడుతుంది, ఫ్యాను రొద పెడుతుంది, నిన్నటి పని బతికి ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఆ సమయంలో మాట్లాడరాదని, టీ కప్పు బల్ల మీద పెట్టరాదని ఏ సర్క్యులరూ లేదు. అయినా అంత శ్రద్ధగా అమలైన నిబంధన మా సంస్థలో మరొకటి లేదు.

మేస్టారు కూర్మన్నపాలెం నుంచి బండి మీద వచ్చి, హెల్మెట్ తీయకముందే కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించేవారు, జ్వరం చూసినట్టు. కొత్త కంప్యూటర్లు కోరుతూ మేం రాసుకున్న అర్జీని ఓపికగా చదివి, మాకే తిరిగి ఇచ్చేశారు.

"కంప్యూటరు ముసిల్దవలేదురా. నీకే ఆశెక్కువ. బోల్టు మీద మర కూడా సూడాలేటి నువ్వు?"

ఆయన పద్ధతి దాచడం. బోల్టులన్నీ దాచేవారు. లోపల బోలెడు భాగాలున్న మోటారు స్థానంలో ఉత్త పెట్టెను నిలిపేవారు. ఫైలును ముందు ఆఫీసు సర్వరు నుంచి తన కంప్యూటర్‌లోకి తెచ్చుకుని తెరిచేవారు. ఆ రోజు పని లేని భాగం ఏదైనా సరే, తెర మీద ఉండటానికి అనుమతి లేదు. అంతవరకు మొరాయించిన క్రేన్ మౌస్ వెంట గిర్రున తిరిగేది.

ఒక్కదాన్ని మాత్రం దాచనిచ్చేవారు కాదు. క్రేన్ పైన నడకదారిలో, రెయిలింగ్ మీద చెయ్యి వేసి నిలబడ్డ బొమ్మ మనిషి. ముక్కూ చెవులతో సహా గీసిన బొమ్మ కనుక కంప్యూటర్‌కు భారమే. నా పక్క కుర్చీ మిత్రుడు ఒకసారి అడిగేశాడు.

"ఆడి వల్లే స్లో అవుతంది మేస్టారూ. అంత పైన ఏటి సేత్తన్నాడు ఆడు?"

"పడిపోకుండా నిల్చున్నాడు. నీకు కుర్చీ ఉంది, ఆడికి లేదు. యార్డుకి పంపే ముందు దాసినవన్నీ ఒక్కసారి లేపాల. ఎంతసేపైనా లేపాల. మనం మర్సిపోయిందే ఆడి కాలి కింద లేకండా పోద్ది."

మేస్టారు పోయిన మూడో రోజున డ్రాయింగులు క్రేన్‌ను తయారుచేసే పరవాడ దగ్గరి యార్డుకు వెళ్లాలి. ఏవేవి దాచారో ఆయనకే తెలుసు. అన్నింటినీ లేపమని కంప్యూటర్‌ను ఆదేశించి చేతులు కట్టుకున్నాం. తెర తెల్లబడింది. ఆ తెలుపులో ముందు ప్రత్యక్షమైనది బొమ్మ మనిషి. కాళ్ల కింద ఏమీ లేదు. చాచిన చేతి కింద ఏమీ లేదు.

"బావా, ఆడొక్కడే ఉన్నాడేటి?" అన్నాడు మిత్రుడు.

"నోరు ముయ్యి. మిగతావి వత్తన్నాయి," అన్నాను.

నడకదారి వచ్చింది. నిచ్చెన వచ్చింది. బోల్టులు చీమల్లా వచ్చాయి. రెయిలింగ్ అటునుంచీ ఇటునుంచీ వచ్చి, అతని చేతి దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు చూసినా ఆ ఒక్క ముక్క రాలేదు. అది వట్టి దాచడం కాదు, అసెంబ్లీ నుంచే తీసి పక్కన పెట్టడం. ఎవరి నిర్వాకమా అని వెతికితే, ఆ మార్పు ఫైల్లో మేస్టారి పేరు మీదే ఉంది. ఆయన ఆఖరుసారి ఆఫీసుకొచ్చిన రోజున.

మా మరపుకు భయపడి పెట్టారనుకున్న బొమ్మను ఆయన తన మరపుకు భయపడి పెట్టుకున్నారు. చెయ్యి గాలిలో ఉండకపోతే ఆ ఖాళీ మా కంట పడేది కాదు.

ముక్కను తిరిగి అమర్చాం. డ్రాయింగులు వెళ్లాయి. ఫైలు ఇప్పటికీ రోజూ తెరుస్తాం. ముందు అతనే వస్తాడు, తెల్లటి శూన్యంలో, చెయ్యి చాచి. రెయిలింగ్ వచ్చి ఆ చేతి కింద చేరేదాకా మాలో ఎవరూ టీ కప్పు బల్ల మీద పెట్టరు.