తూర్పు మూల వాన

మా సార్ పోయారని మంగళవారం పొద్దున ఆఫీసు వాట్సాప్‌లో చూశాను. అప్పుడు మీటింగ్‌లో ఉన్నాను. గోపన్‌పల్లి టవర్ల పర్యావరణ నివేదిక ఎప్పుడిస్తారని బిల్డర్ మనిషి అడుగుతున్నాడు. "ఈ వారంలో ఇచ్చేస్తామండి" అన్నాను. తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు.

ఏదైనా కట్టేముందు చుట్టుపక్కల నీళ్ళకీ చెట్లకీ మనుషులకీ ఏమవుతుందో, నష్టం తగ్గాలంటే ఏం చెయ్యాలో రాసివ్వడం మా పని. కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో నాకది నేర్పింది ఆయనే. శేరిలింగంపల్లిలో పుట్టి పెరిగిన మనిషి. ఏ అద్దాల మేడ కింద ఏ పంట పండేదో చెప్పేవారు గానీ వాపోయేవారు కాదు. జనం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అనేవారు.

సైటుకి వెళ్ళగానే తాగే నీళ్ళ బాటిల్ మూత తీసి నేలమీద ఒంపి, నీళ్ళు ఎటు పోతాయో వంగి చూసేవారు. నేను ల్యాప్‌టాప్‌లో వాలు చూపించబోతే, "అది గాదు బిడ్డా, జర కిందికి సూడు" అనేవారు. ఎండలో తిరిగాక దాహమేసి నా బాటిల్ అడిగేవారు. రోజూ ఇదే వరస. నాకు ఒళ్ళు మండేది.

ఎండాకాలం చూసొచ్చి వాగు లేదని రాస్తే కాగితాలు వెనక్కి తోసేవారు. "మే నెలల వాగు యాడుంటది? వానకు పోయి నిలబడు. గప్పుడు రాయి."

ఆఖరిసారి ఆయన్ని దవాఖానలో చూశాను. గొంతు సన్నబడింది. అయినా ఈ టవర్ల గురించే అడిగారు.

"తూర్పు మూల వానకు సూసినవా?"

"చూశానండి."

చూడలేదు. ఏప్రిల్‌లో ఒకసారి వెళ్ళి ఫొటోలు తీసుకుని వచ్చేశాను. "ఇగ ఫికర్ లేదు" అని ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆ మాటే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నా కళ్ళు నేల ఎటు వాలిందా అని వెతికాయి. నామీద నాకే అసహ్యమేసింది.

నిన్న పొద్దున వాన పట్టుకుంది. నివేదిక నా సంతకం కోసం బల్లమీద ఉంది. దాన్ని అలాగే వదిలేసి ఆటో ఎక్కాను.

తూర్పు మూలన మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి. ప్లానులో సెల్లారు గీసింది సరిగ్గా అక్కడే. నీళ్ళు ప్రహరీ కింద కన్నంలోంచి దూరి, అవతలి రేకుల ఇళ్ళ పక్కగా పోతున్నాయి. ఒకావిడ గుమ్మానికి అడ్డంగా ఇటుకలు పేరుస్తోంది.

"ప్రతి వానకీ ఇంతేనా అమ్మా?"

"ఎప్పుడూ గీ బాటనే పోతయ్. గిది మూస్తే ఇగ మా ఇంట్లకే."

ఆఫీసుకొచ్చి, వాగు లేదని నేను రాసిన పేజీ తీసేశాను. ఆ మూల తవ్వొద్దు, నీళ్ళకి దారి వదలాలి అని రాసి సంతకం పెట్టాను. బిల్డర్ మనిషి ఫోన్‌లో అరిచాడు. మా మేనేజర్ ముఖం మాడ్చుకున్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు.

అయినా మనసు నిలవలేదు. ఇవాళ వాన వెలిశాక మళ్ళీ వెళ్ళాను. నా బాటిల్ మూత తీసి నేలమీద ఒంపాను. "ఇప్పుడు చూశానండి" అన్నాను, ఎవరూ లేకపోయినా. సన్నటి ధార కాసేపు తచ్చాడి, గోడ కింద కన్నం వైపు, ఆవిడ ఇటుకలున్న వైపే మళ్ళింది.