మా చిన్నాయన చెప్పిన బావి

దెయ్యాలంటే నాకు భయం లేదు, భక్తీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా బోర్డు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పాను. బళ్ళో ఎవరికైనా పూనకం వస్తే ముఖాన నీళ్ళు చల్లించి, నీడలో కూర్చోబెట్టి, డాక్టరుకు కబురు పెట్టేవాణ్ణి. ఇప్పటికీ నా తీరు అదే. ఇది చదివి పంతులుకు ముసలితనంలో మతి తప్పిందనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నేను కళ్ళతో చూసింది, చేత్తో తాకింది మాత్రమే రాస్తున్నాను.

అరవైల మొదట్లో సంగతి. నెల్లూరు జిల్లాలో సముద్రపు ఒడ్డునున్న ఒక ఊళ్ళో అప్పుడు నాకు ఉద్యోగం. ఊరికి తూర్పున, సరుగుడు తోపులు దాటాక, ఒక ఇసుక దిబ్బ ఉండేది. మద్రాసు ఇంకా పట్నం కాకముందే ఇంగ్లీషు కంపెనీవాళ్ళు ఆ దిబ్బ మీద చిన్న కోట కట్టుకుని, మన నేతగాళ్ళ దగ్గర బట్టలు కొని ఓడలకెక్కించేవారు. కొన్నేళ్ళకు వదిలేసి పోయారు. కోట ఇటుకలు ఊరివాళ్ళ ఇళ్ళ గోడల్లో కలిసిపోయాయి. నేను వెళ్ళేనాటికి అక్కడ తాటిచెట్లు, నాగజెముడు తప్ప ఏమీ లేవు.

ఆ కోటను మళ్ళీ కట్టి జనానికి చూపించాలని జిల్లా అధికారులు అనుకున్నారు. పాత పటం నకలు ఒకటి పంపించారు. దాని ప్రకారం దిబ్బ మీద మట్టిగోడ లేచింది. సరుగుడు వాసాల గేటు, తాటాకు కప్పిన గిడ్డంగి, తాటిమొద్దుకు తారు పూసి చేసిన ఫిరంగి కూడా అమరాయి. లోపల మనుషులు ఆనాటి బట్టలు కట్టుకుని ఆనాటి పనులే చేస్తుండాలి. ఒక మూల మగ్గం, ఇంకో మూల చిరువేరు ఉడకబెట్టి బట్టలకు ఎర్రరంగు వేసేవాళ్ళు, గిడ్డంగి అరుగు మీద తాటాకుల మీద లెక్క రాసే కరణం. కావలి నుంచి, నెల్లూరు నుంచి బడిపిల్లలు బస్సుల్లో వచ్చి చూసేవారు. సోషల్ మాస్టరునని ఆ బాధ్యతంతా నా నెత్తిన పెట్టారు.

గేటు దగ్గర కాపలావాడి వేషానికి మా చిన్నాయన వెంకటసుబ్బయ్యను పెట్టాను. ఆయన బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేసి రిటైరై, అంతకు ముందు ఏడే చిన్నమ్మతో కలిసి మా ఇంటికి వచ్చాడు. ఆ ఊరు ఆయనకు కొత్త. మనిషి మహా సరదా. ఎవరికీ చెరుపు చెయ్యని కోతలు కోసేవాడు. ఒకసారి తన ఇంజను కూత వేస్తే సముద్రంలో ఓడ బదులు కూసిందని చెప్పేవాడు. బిట్రగుంటలో రైలు పట్టాలకు సముద్రం ఎంత దూరమో తెలిసినవాళ్ళు కూడా నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

ఆయనకు ఎర్రకోటు కుట్టింది మా ఊరి కరీం సాయిబు. చేతులు మరీ పొడుగై వేళ్ళు కనపడేవి కావు. "ఆ కాలంలో అట్నే కుట్టేవాళ్ళు సార్" అని నన్నే దబాయించాడు సాయిబు. తలపాగా, ఈటె, ఆ కోటుతో చిన్నాయన గేటు దగ్గర నిలబడితే పిల్లలు ఫిరంగిని వదిలేసి ఆయన చుట్టూ మూగేవారు.

ఆయన చెప్పాల్సింది నేను నాలుగు వాక్యాలు రాసిచ్చాను. వారం తిరగకముందే అది అరగంట కథయింది. ఆ కథలో ఒక బావి వచ్చి చేరింది.

గేటుకు పది అడుగుల దూరంలో ఒక తాటిచెట్టు ఉండేది. దాని మొదట్లో ఈటె గుచ్చి చెప్పేవాడు. "ఇదో, ఈ ఈటె కిందనే మంచినీళ్ళ బావి ఉండాది. కంపెనీవాళ్ళు పోతాపోతా పూడ్చేసినారు. బావి కట్టేటప్పుడు మేస్త్రీకి కూతురొకటి ఉండె. నాయనకు గంజి తీసుకొస్తా, ఉరుకులాడతా వచ్చి, గట్టు మీద పచ్చి సున్నంలో కాలేసింది. ఎడమకాలు. కూలోడు తాపీతో చెరిపెయ్యబోతే మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. ఉండనీరా, నా బిడ్డ కాలు ఉండనీ అన్నాడు. చిటికెనవేలు పక్కవేలి మీదకెక్కి ఉంటది ఆ పాదానికి. చూస్తే ముద్దొస్తది."

నాకు కోపం వచ్చింది. పటంలో బావి లేదు. పై అధికారులు వస్తే నా పరువేం కావాలి?

"చిన్నాయనా, పుస్తకంలో లేనిది చెప్పొద్దు. పిల్లలు నిజమనుకుంటారు" అన్నాను.

"అనుకుంటే ఏం పోయిందబ్బయా? బావే కదా, పులి కాదు గదా" అని నవ్వేశాడు. మర్నాడు మళ్ళీ అదే కథ. అమ్మాయి వేసుకున్న పావడా రంగు కూడా వచ్చి చేరింది.

ఒకరోజు సాయంత్రం చిన్నమ్మ కోట చూడటానికి వచ్చింది. పిల్లల వెనక నిలబడి కథ వింటోంది. చిటికెనవేలి మాట దగ్గరకొచ్చేసరికి ఆమె గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. నేను కంగారుపడి నీళ్ళు తెచ్చాను. ఆమె తాగలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో చెప్పింది.

"మీ చిన్నాయన చెప్పేది మా బుజ్జమ్మ కాలురా. దానికి ఎడమకాలి చిటికెనవేలు అట్నే ఉండె."

వాళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టి, బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండగా నాలుగేళ్ళ వయసులో జ్వరంతో పోయిందని మా అమ్మ ఎప్పుడో అన్నది నాకు గుర్తుంది. నేనా పిల్లను చూడలేదు. ఇన్నేళ్ళలో చిన్నాయన నోట ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఫోటో కూడా లేదట.

ఆ తర్వాత నేనాయన కథకు అడ్డు చెప్పలేదు. బస్సు వచ్చినప్పుడల్లా నేనూ పిల్లల వెనక నిలబడి వినేవాణ్ణి. పసుపు పావడా వేసుకుని ఆ పిల్ల గంజి ముంత పట్టుకుని పరుగెత్తుకొచ్చేది. రోజూ సున్నంలో కాలు వేసేది. రోజూ వాళ్ళ నాయన చెరపనిచ్చేవాడు కాదు.

ఎండాకాలం వచ్చింది. ఊళ్ళో బావులన్నీ ఉప్పే. ఆడవాళ్ళు మైలు దూరం నడిచి వాగులో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు ముంతతో తోడుకునేవారు. ఆ ఏడు చెలమలు కూడా ఎండిపోతున్నాయి. కోటలో నేల అలికే చెంగమ్మ అనే ఆవిడ నెలల తరబడి చిన్నాయన కథ వింటోంది. ఒకరోజు ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్ళను, పారలు పట్టుకున్న మగవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది.

"సార్, పెద్దాయన దినామూ చెప్తా ఉండాడే, ఆ బావి తవ్వుకుంటాం" అంది.

అది కథ అని చెప్పాను. పటం తెచ్చి చూపించాను. ఆమె పటం వైపు చూడను కూడా చూడలేదు.

"అన్నా, నువ్వు చెప్పు. ఉండాదా లేదా?" అని చిన్నాయననే అడిగింది.

"ఊరికే చెప్పినానమ్మా. పిల్లకాయల కోసరం నోటికొచ్చింది చెప్పినా. నమ్ముకోబాకండి" అన్నాడు. చేతులు జోడించాడు కూడా. చెంగమ్మ వినలేదు. లేని బావి గురించి వేలి సంగతి కూడా ఎవరైనా చెప్తారా అన్నది ఆవిడ వాదన.

తవ్వడం మొదలుపెట్టారు. ఆ రెండు రోజులూ చిన్నాయన సరిగ్గా అన్నం తినలేదు. వేషం కట్టలేదు. తన కోత నమ్మి, చెమటలు కారుస్తూ తవ్వుతున్నవాళ్ళకు ముఖం చూపించలేక గిడ్డంగి వెనక కూర్చున్నాడు. తాటిచెట్టు కొట్టించి, మొదలు పెకలించాల్సి వచ్చింది. దాని వేళ్ళు అల్లుకుపోయి ఉన్నాయి. మనిషి నడుములోతు ఇసుక తీశారు. ఏమీ తగల్లేదు.

మూడో రోజు మధ్యాహ్నం పార ఇటుకకు తగిలింది.

సాయంత్రానికి గుండ్రంగా బావి ఒర బయటపడింది. చెట్టు వేళ్ళు కోస్తూ, చేతులతో ఇసుక తుడుస్తూ గట్టు శుభ్రం చేస్తున్నారు. గట్టు మీద గచ్చు గట్టిగా ఉంది. పడమటి వైపు తుడుస్తున్న చెంగమ్మ ఒక్కసారి చెయ్యి వెనక్కి తీసుకుంది. అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

నేను గోతిలోకి దిగాను. గచ్చులో చిన్నపిల్ల పాదం ఉంది. ఎడమ పాదం. నా అరచెయ్యంత. మడమ లోతుగా, వేళ్ళు ఒకదాని పక్కన ఒకటి తేటగా పడ్డాయి. చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి ఉంది.

కరీం సాయిబు వెళ్ళి చిన్నాయనను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన గోతిలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలుతో ఆ పాదంలో మిగిలిన ఇసుక, వేళ్ళ మధ్య సందుల్లోది కూడా, ఓపికగా తుడిచాడు. స్నానం చేయించాక పిల్లల కాళ్ళు ఎట్లా తుడుస్తారో అట్లా.

ఇంకో నాలుగు రోజులు పూడిక తీశాక నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు.

నేను సోషల్ మాస్టర్ని. ఊరుకోలేదు. ప్రతి కోటలోనూ బావి ఉంటుంది కాబట్టి బావి సంగతి ఊహే అనుకున్నాను. కానీ చోటు? ఊళ్ళో తొంభై దాటిన ముసలాయన్ను అడిగాను. వాళ్ళ తాత కాలంలో కూడా అక్కడ బావి మాట లేదన్నాడు. చిన్నాయన ముందే తవ్వి చూశాడా అంటే, మేం కొట్టించేదాకా పైన తాటిచెట్టు ఉంది, వేళ్ళు ముందే తెగిన గుర్తు లేదు. చూడటానికి వచ్చిన ఇంజనీరు గచ్చును గోకి చూసి, కోట కట్టిన నాటిదేనన్నాడు. వేలు అట్లా ఉండే పిల్లలు లోకంలో ఎంతోమంది ఉంటారు, నిజమే. అన్నీ విడివిడిగా కాదనగలను. కలిపి చూస్తే కాదనలేను.

చిన్నాయననే అడిగాను.

"నాకేం తెలుసబ్బయా? బిడ్డను యాడో ఒకచోట పెట్టుకుందామని చెప్పినా. అది నిజంగా ఆడ ఉంటదని నాకేం తెలుసు?" అన్నాడు. తర్వాత మళ్ళీ ఎర్రకోటు తొడగలేదు. ఇంట్లో మాత్రం బుజ్జమ్మ మాట రాసాగింది. అది ఏం తినేదో, దేనికి అలిగేదో ఆయనా చిన్నమ్మా ఒకరికొకరు గుర్తుచేసుకునేవారు.

పిల్లలు జారిపడకుండా బావి గట్టు ఎత్తు పెంచాలని పంచాయతీ వాళ్ళు నిర్ణయించారు. మేస్త్రీ వచ్చి, పాదం ఉన్నంత మేర వదిలెయ్యమంటారా అని నన్ను అడిగాడు. వదలాలి. అది చరిత్రకు సాక్ష్యం, గాజు పలక బిగించి కాపాడాలి. పిల్లలకు నేను చెప్పే పాఠమే అది.

చిన్నాయన నా కంటే ముందు మాట్లాడాడు. "కప్పెయ్ నాయనా. ఎండ పడతా ఉండాది" అన్నాడు.

చిన్నమ్మ ఆ పాదానికి పసుపు రాసింది. నేను అడ్డు చెప్పలేదు. పైగా మేస్త్రీకి సున్నం తట్ట అందించింది నేనే. ఇటుకలు రెండు వరసలు లేచాక ఇక ఏమీ కనపడలేదు.

అందుకే ఈనాడు ఎవరైనా రుజువు చూపించమంటే నా దగ్గర ఏమీ లేదు. అది అక్కడికి ఎట్లా వచ్చిందంటారా, తెలియదు. ఆ రోజు నేను ఎందుకు అడ్డు చెప్పలేదో మాత్రం తెలుసు.