వచ్చినవాళ్ల కుర్చీ

ఆత్మకూరులో మా ఇంటి ముందుగదిని అర్జీలు రాసే ఆఫీసుగా మార్చుకున్నాను. కిటికీ వెలుతురు పడేలా బల్ల, నా నడుముకు మెత్తటి కుర్చీ, మధ్యాహ్నం కునుకుకు మడతమంచం, వచ్చినవాళ్లకు ఇంకో కుర్చీ. ఉదయగిరి నుంచి కూడా జనం వచ్చి వరసలో నిలబడుతున్నారని కనపడిన ప్రతివాడికీ చెప్పాను.

అబద్ధం. ఆ నెలంతా వచ్చింది ఒక్క మనిషే. చేజర్ల నుంచి ఒక పెద్దావిడ పింఛను అర్జీ రాయించుకోవడానికి వచ్చింది. రాయడం అయిపోతే లేచి వెళ్లిపోతుందని, కావాలనే ఊరి పేరు తప్పు రాసి కొత్త కాగితం తీశాను. రెండోసారీ అంతే చేశాను.

"నాకూ చదువొచ్చులే అన్నా," అందామె. "మాట్లాడేదానికి మనిషి కావాలంటే అడగొచ్చు గదా. బస్సుకు ఇంకా గంట ఉండాది."

నేను పెన్నుకు మూత పెట్టాను.