కాకి ముద్దకు గేటు తెరిపించిన మాట

మా చిన్నప్పుడు, మలేసియా ఇంకా తెల్లవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు... ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె ఉండేది. తెల్లారి గేటు తీస్తే పెద్దవాళ్ళు రబ్బరు చెట్లు గీయడానికి వెళ్ళేవాళ్ళు. తుపాకులు పట్టుకున్న కాపలావాళ్ళు బుట్టలూ, నడుములూ తడిమి చూసేవాళ్ళు. ఒక్క అన్నం మెతుకు కూడా బయటికి పోకూడదు... అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు అందుతుందని. మా అమ్మా నాన్నా ఖాళీ కడుపుతోనే మధ్యాహ్నం దాకా పని చేసేవాళ్ళు. బటాంగ్ బెర్జుంటై వైపు పెరిగిన నా ఈడువాళ్ళందరికీ తెలుసు, అదే తెల్లవాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ.

మెర్దేకాకు, అంటే మన స్వాతంత్ర్యానికి, రెండేళ్ళ ముందు సంగతి... నాకు పదకొండేళ్ళు. తిండి మీద కట్టడి బాగా బిగించింది ఆ ఏడే. ఆ రోజు మా తాతకు తద్దినం పెట్టుకునే రోజు. నాయనమ్మ తలస్నానం చేసి, అన్నం వండి, తాతకు ప్రాణమైన ఎండుచేప వేయించి, ముద్ద కలిపి అరిటాకులో కట్టింది. తాతను దహనం చేసింది నది ఒడ్డున. ఏటా అక్కడే కాకికి పెట్టేది. కాకి ముట్టేదాకా తను మంచినీళ్ళు ముట్టేది కాదు.

గేటు దగ్గర ఆపేశారు.

ఇంటి కప్పు మీద పెట్టెయ్యమ్మా అని అందరూ చెప్పారు. "నా మొగుడు కప్పు మీద లేడు, ఏటిగట్టున ఉన్నాడు" అని నాయనమ్మ గేటు పక్కనే కూలబడింది. కాపలా అతను మలాయ్ యువకుడు, పాపం మంచివాడే... కానీ రూలు రూలే అన్నాడు. నాయనమ్మ తనకొచ్చిన మలాయూ తెలుగూ కలిపి అడిగింది.

"కాకి కూడా కమ్యూనిస్టేనేటి బాబూ?"

అతను గేటు గొలుసు మళ్ళీ బిగించాడు.

ఎండ ఎక్కింది. నాయనమ్మ పెదాలు ఎండిపోయాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. అమ్మా నాన్నా తోటలో ఉన్నారు. నాకు భయమేసింది... ఈవిడ ఇక్కడే పోతుందేమోనని. కిరాణీ మావయ్య ఇంటికి పరిగెత్తాను. ఎస్టేటు ఆఫీసు గుమస్తాను కిరాణీ అనేవాళ్ళం. ఇంగ్లీషు నవలలు చదివే మనిషి మా ఎస్టేటు మొత్తానికీ ఆయనొక్కడే. ఎస్టేటు మేనేజరు తెల్లదొరకు చీటీ రాసిమ్మన్నాను.

ఆయన తలుపు దగ్గరగా వేశాడు. "నా సేత్తో రాస్తే నా ఉజ్జోగం పోతాది. నువ్వు టౌను బడికి ఎళ్తన్నావు కదా, నువ్వు రాయి. మాట నాను సెప్తాను" అన్నాడు.

ఆ మాట... అబ్సర్డ్.

నేనెప్పుడూ వినలేదు. అర్థం అడిగితే, నవ్వులాటకు కూడా పనికిరానంత అర్థంలేనిది, కానీ ముఖం గంభీరంగా పెట్టుకుని చేసేది అన్నాడు. పుస్తకాల్లో పెద్దమనుషులు తిట్టాల్సిన చోట తిట్టకుండా ఈ మాట వాడతారట. తర్వాత ఆయన చెప్పినది నేను ఎనభై దాటినా మరిచిపోలేదు.

"మనిషిని అనకూడదురా, సంగతిని అనాల. దొరని అంటే తన్నుతాడు. సంగతిని అంటే ఆలోచిస్తాడు."

బడి నోటుబుక్కులో కాగితం చింపి రెండే ముక్కలు రాశాను. కాకిని కమ్యూనిస్టు అనుకోవడం అబ్సర్డ్ సార్. మా నాయనమ్మ పొద్దుటి నుంచి నీళ్ళు తాగలేదు సార్. అంతే... నాకొచ్చిన ఇంగ్లీషు అక్కడితో అయిపోయింది.

మాసిన నిక్కరుతో దొర ముందు నిలబడ్డాను. చదివాడు. మళ్ళీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయిపోయాననుకున్నాను... ఆయన ఫోన్ ఎత్తి టౌనులో ఎవరితోనో చాలాసేపు వాదించాడు. ఒక్క మాట కూడా నాకు అర్థం కాలేదు గానీ, మధ్యలో ఆ మాట వినిపించింది. నా కాగితం మీది మాట, దొర నోట! ఆ గర్వం ఎలా చెప్పను నాయనా... ఒళ్ళంతా పాకింది.

పంపించారు. కానీ ఒక షరతు. ఆఖరి మెతుకు కాకి తినేదాకా కాపలా అతను పక్కనే ఉండాలి!

ఇప్పుడు తలుచుకుంటే పొట్ట చెక్కలవుతుంది. నది ఒడ్డున ఒక అన్నం ముద్ద. దానికి తుపాకీతో కాపలా. కాకి మాత్రం రాదు. అరగంట అయింది, గంట అయింది. నాయనమ్మ నా భుజం పట్టుకుని తూలిపోతోంది. చివరికి ఆ మలాయ్ అతనే ఆకాశం వైపు చూసి "కా... కా..." అని పిలవడం మొదలెట్టాడు. ఆ నీరసంలోనూ నాయనమ్మ ఊరుకోలేదు.

"గొంతు సాల్లేదు బాబూ, ఇంకా బొంగురుగా అనాల."

ముగ్గురం కలిసి పిలిచాం. వచ్చిందండీ! నల్లటి పెద్ద కాకి... ముందు ఎండుచేపే ఎత్తుకుంది. తాత బతికున్నప్పుడూ అంతే అంది నాయనమ్మ. అతను తన నీళ్ళ సీసా మూత తీసి ఆవిడ చేతికిచ్చాడు. గటగటా తాగేసింది.

తర్వాత మెర్దేకా వచ్చింది, కంచె పోయింది. నేను ఆరో క్లాసుతో చదువు ఆపి తోటలోకే వెళ్ళాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే... నిన్న క్లాంగ్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. యాభై ఏళ్ళకు, ఇద్దరు పిల్లల తల్లి, ఇంగ్లీషు సాహిత్యంలో డాక్టర్ అయింది! రబ్బరు చెట్లు గీసినవాడి కూతురు! ఆనందంతో నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు. దేని మీద రాశావమ్మా అంటే, అబ్సర్డ్ అనే మాటను రచయితలు ఎలా వాడారో దాని మీదట. మనిషి బతుక్కి జవాబు వెతకడం, లోకం పలకకపోవడం... దాన్ని కూడా ఆ మాటతోనే అంటారట ఇప్పుడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కష్టాలు పిల్లలకెందుకని ఎన్నడూ చెప్పని ఈ కథ, మొదటిసారి చెప్పాను.

ఇంట్లో తమిళం, ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్ల, తెలుగులో అంది.

"నానా, ఇది నా పుస్తకంలో లేదు. మళ్ళీ సెప్పు, రాసుకుంటాను."

ఎస్టేటు గేట్లు ఎప్పుడో తీసేశారు... నోళ్ళే మనం మూసుకుని కూర్చున్నాం ఇన్నాళ్ళూ. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఆ రోజుల్లో దేనికోసం అలా మొండికేసి కూర్చున్నారో రాయండి... ఎంత పొడుగున్నా చదువుతాను, మా అమ్మాయి చేత రాయించి పెడతాను.