సాహెబ్ అనే మాట

మా ఎదుటి ఫ్లాటు సాహెబ్ గారు పోయారు. నీళ్ళ ట్యాంకర్ ఆలస్యంగా వస్తుందన్న మెసేజీ కిందే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ కబురు కనిపించింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మణికొండలో ఇన్ని అంతస్తుల మధ్య రోజూ నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కరే. నాది ఇంట్లోంచి చేసే ఉద్యోగం. మిగతా గొంతులన్నీ లాప్‌టాప్‌లోంచి వచ్చేవే.

ఆయన బళ్ళో అరబ్బీ చెప్పి రిటైరయ్యారు. నేను గోదావరి జిల్లా వాణ్ణి. సాహెబ్‌కి కూడా గారు తగిలించకపోతే నా నోరు ఊరుకోదు. షేర్వానీ మీద మళ్ళీ కోటెందుకని ఆటపట్టించేవారు. అసలు సాహెబ్ అన్న మాట ఎక్కడిదని ఒకసారి అడిగాను. అరబ్బీలో సాహిబ్ అంటే తోడుండేవాడట. యజమాని అన్న అర్థమూ ఉందట. మన దగ్గరికొచ్చి దొరలకీ అధికారులకీ అంటుకున్నాక, తోడు సంగతి జనం మరిచిపోయారట.

"కుర్సీ మీద కూసున్నోని పేరు కాదిది. పక్కన కూసున్నోని పేరు," అన్నారు.

చెప్పి ఊరుకునే రకం కాదు. నా భార్య పోయాక, సాయంత్రం కాగానే చాయ్ ఫ్లాస్కు పట్టుకుని వచ్చేవారు. ఓదార్చడం ఆయనకు చేతకాదు. నేను ఆఫీసు కాల్‌లో ఉంటే పేపరు చదువుకునేవారు. మీ మేనేజరు అరిస్తే నాకు బీపీ పెరుగుతోందని నవ్వేవారు. ఆ రోజుల్లో నేను మనిషిలా మిగిలానంటే ఆయన చలవే. ఇప్పుడు సాయంత్రమవుతుందంటే భయంగా ఉంటోంది.

జనాజాకి నేనూ భుజం పట్టాను. ఖబరస్తాన్‌లో గుప్పిళ్ళతో మట్టి వేసి, వెనక్కి చూడకుండా గేటు వైపు నడిచాను. మా పద్ధతి అది. నా భార్యను సాగనంపిన రోజు కూడా పెద్దవాళ్ళు వెనక్కి తిరగొద్దన్నారు. తిరగలేదు. ఆమెను అక్కడ ఒక్కదాన్నే వదిలేసి వచ్చానన్న దిగులు ఇప్పటికీ పోలేదు.

సాహెబ్ గారి కొడుకు వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"అంకుల్, మా దాంట్ల గట్ల పోరు. మట్టిచ్చినంక జరసేపు ఆయన దగ్గర ఉండాలె."

వెనక్కి తిరిగాను. అందరూ దువా చదువుతున్నారు. నాకది రాదు. సమాధి దగ్గర అతని పక్కన నేలమీద కూర్చున్నాను. కొంతసేపటికి ఒక్కొక్కరే లేచారు. అతను కూడా లేచి వెళ్దామా అన్నట్టు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. సాహెబ్ గారి కోసం కూర్చోవడం అయింది. నా భార్య కోసం ఇంకాసేపు కూర్చున్నాను.