జెల్ అందించే చోటు

బుకిట్టింగి ఊరి కంటి ఆసుపత్రిలో డాక్టర్ జుల్‌హెండ్రి కుడిపక్కన నిలబడి పరికరాలు అందించే చోటు ఏళ్ల తరబడి నర్సు రోస్నిదాదే. మోకాళ్లు పట్టేశాక ఆ చోటు కుర్ర నర్సు యెల్ఫీకి వెళ్లింది. ఇప్పుడు రోస్నిదా రోగి పక్కన స్టూలు మీద కూర్చుని, దుప్పటి కింద చెయ్యి పట్టుకుని ధైర్యం చెబుతుంది.

"నీ చెయ్యి భలే తేలికమ్మా, యెల్ఫీ!" అని డాక్టరు అన్నప్పుడల్లా రోస్నిదాకు ఒళ్లు మండేది. తన చెయ్యి గురించి ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు.

"ఏమక్కా, కూర ముట్టలేదు?" అంది క్యాంటీన్ వంటామె.

"ఆకలి లేదు."

"ఎందుకుంటుంది? పొద్దుట్నుంచీ ఆ పిల్లని నములుతూనే ఉన్నావుగా!"

ఆ మధ్యాహ్నం ఆపరేషన్ బల్ల మీద ఉన్నది సంతలో రొట్టెలమ్మే ముసలమ్మ సనియా. శుక్లం పగలగొట్టేటప్పుడు కంటి పైపొర దెబ్బతినకుండా పూసిన మొదటి జెల్, చెప్పినట్టే లోపల అంటిపెట్టుకుని ఉంది. ఇక కొత్త కటకానికి చోటు చేసే రెండో జెల్ కావాలి. దానికి పొగరెక్కువ. ఊరికే ఉంటే మొండికేసి కదలదు, గట్టిగా నొక్కితే ఉన్నట్టుండి పల్చబడి దూసుకొస్తుంది. అందుకే సిరంజికి మొండిసూదిని మెలితిప్పి బిగించి, బయట ఒక చుక్క పిండి చూసి అందించాలి. లేదంటే సూదే ఊడి కంట్లోకి ఎగురుతుంది.

డాక్టరు ఏదో హాస్యమాడాడు. యెల్ఫీ నవ్వుతూ సూది తగిలించింది. బిగించలేదు. చుక్కా పిండలేదు.

రోస్నిదా చూసింది. 'తెలుస్తుందిలే ఇప్పుడు, తేలిక చెయ్యంటే ఏమిటో' అనుకుంది. సిరంజి డాక్టరు చేతిలోకి వెళ్లింది.

"అమ్మాయీ, ఉన్నావా?" సనియా రోస్నిదా వేళ్లు గట్టిగా పట్టుకుంది.

"ఆగండి డాక్టరుగారూ! సూది బిగించలేదు!" అని అరిచింది రోస్నిదా.

ఆయన సిరంజిని పక్కకు తీసి నొక్కి చూశాడు. సూది ఊడి పళ్లెంలో ఖంగుమంది. యెల్ఫీ కళ్లు నీళ్లతో నిండాయి. రోస్నిదా ఆయన కేకకోసం ఎదురుచూసింది. కొత్తలో పట్టకారు జారవిడిచినందుకే తనను గదిలోంచి వెళ్లగొట్టాడాయన.

"పర్వాలేదమ్మా," అన్నాడు, పసిపిల్లను ఊరడించినట్టు. "కొత్తది తీసుకో. ఈసారి బిగించి ఇవ్వు."

యెల్ఫీ బిగించి, చుక్క పిండి, అందించింది. ఇంకో చేతికోసం రోస్నిదా వైపు ఆయన చూడనైనా లేదు. కటకం చక్కగా తన చోట కూర్చుంది.

"ఏంటమ్మా, నా వేళ్లు విరిచేసేట్టున్నావ్?" అంది సనియా.

"ఏం లేదు పెద్దమ్మా. నీ కన్ను బాగుంది," అంది రోస్నిదా, యెల్ఫీ చేతుల మీంచి చూపు తిప్పకుండానే.